నూకరత్నం జవాబు

కాఫీ తోటలోంచి మంగరాజు తిరిగొచ్చేసరికి పొగమంచు ఇంకా వాకిట్లోనే ఉంది. వంటింట్లో చోడి అంబలి పొంగి పొయ్యి ఆరిపోయింది. కూతురు సోని లాప్‌టాప్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

నర్సు ఉద్యోగంలో చేరేదీ లేనిదీ ఈ రోజు పది గంటలకల్లా ఎక్కడో దూరాన ఉన్న చింతూరు ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. "రానని సెప్పెస్తాను నాన్నా" అని నిన్ననే అంది. ఎందుకని మంగరాజు అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం. భార్య పోయిన ఈ రెండేళ్లూ ఆ ఇంట్లో వినిపించే మాట ఆ పిల్లదే.

"అంబలి పొంగిపోతంటే ఏటి సేత్తన్నావు గుంటా? ఇంకా ఆ బొమ్మలాటేనా?"

"ఉండు నాన్నా. మూడు రోజుల్నించి ఇక్కడే ఆగిపోనాను."

తెర మీది ఆటలో మంచుకొండ. గుడిసె ముందు కర్ర పట్టుకుని, మూలికల వైద్యం చేసే ఒక ముసలామె. ఆమె తల పైన తెలుగులో పేరు రాసి ఉంది. నూకరత్నం.

"మీ యమ్మ పేరా! ఆడుకోడానికి నీకింకేటీ దొరకలేదా?"

ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అరిచి ఎరగరు. సోని కళ్లు నిండాయి.

"ఆ పేరు నేనే ఎట్టినాను నాన్నా. ఇందులో అడుగడుక్కీ ఏదో ఒకటి తేల్చుకోవాలి. దొంగని పట్టియ్యాలా, ఒగ్గీయాలా... నాకు నచ్చింది నొక్కను. అమ్మయితే ఏటి సేసునో అదే నొక్కుతాను. కాసేపు అమ్మ ఉన్నట్టుంటాది."

మంగరాజు ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఆ దొంగనేటి సేసినావు?"

"ముందు అన్నం పెట్టినాను. ఆనక తిట్టినాను."

"అద్దదీ! అచ్చం మీ యమ్మే." నవ్వొచ్చింది అతనికి. "మరిప్పుడేటి?"

ముసలామె ఎదుట ఆమె పెంచిన పిల్ల నిలబడి ఉంది. కొండవతల ఊళ్లో జ్వరాలట, మందిచ్చే దిక్కు లేదట. 'వెళ్లనా?' అని అడుగుతోంది. కింద ఇంగ్లీషులో రెండు జవాబులు. సోని చదివి చెప్పింది. 'వెళ్లిరా.' 'నువ్వు లేకపోతే నేనుండలేను.'

"రెండోదే నొక్కు" అనేశాడు మంగరాజు. "నువ్వంటే మీ యమ్మకి ప్రాణం. ఒగ్గీసునా?"

సోని మెల్లగా అంది. "అది అమ్మ జవాబు కాదు నాన్నా. నీది."

మంగరాజు గుమ్మం వైపు తిరిగాడు. చూరు నుంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతోంది. గుమ్మం దగ్గర తట్టలో పొద్దున్న కోసిన కాఫీ పళ్లు, అన్నీ ఎర్రనివే. కోతల్లో నూకరత్నం అందరి వెనకా తిరుగుతూ అరిచేది. 'లాగకండే! పండితే అదే సేతికొచ్చేస్తాది. లాగితే కొమ్మ సీరుకుపోద్ది, వచ్చే యేడు పువ్వుండదు.'

"మొదటిది నొక్కు" అన్నాడు. "మీ యమ్మ పొమ్మంటాది. సద్ది కట్టిచ్చి, నువ్వు మలుపు దాటీదాకా గుమ్మంలో నిలబడతాది. ఆనక లోపలికొచ్చి ఏడుస్తాది. నిన్ను హాస్టల్లో ఏసినప్పుడు అలగే సేసింది. నీకు తెల్దు."

సోని నొక్కింది. తెర మీది పిల్ల ముసలామెను కావలించుకుని కొండదారి పట్టింది.

"మరి నువ్వో నాన్నా?"

"ముందు ఫోన్ సెయ్యి. బేగి. పది కావస్తంది."

సోని ఫోన్ తీసుకుని వాకిట్లోకి నడిచింది. మంగరాజు కళ్లు తుడుచుకుని తెర వైపు చూశాడు. ముసలామె ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఒలే సోనీ! ఇది ఎలగ ఆడాలో ఎల్లేముందు నాకు నేర్పీసెల్లు" అని కేకేశాడు. "మీ యమ్మనొక్కదాన్నీ అలగ ఒగ్గీకూడదు కదా."