ముగ్గురి చప్పుడు

"ఒక ఇంట్ల ముగ్గురున్నరు. ఆ ముగ్గురు నువ్వే కావాలె," అన్నాడు హన్మంతు.

చేవెళ్లలో బీజాపూర్ రోడ్డు మీద విత్తనాల దుకాణం అది. కింద పత్తి గింజలు, పురుగుమందులు. పై గదిలో దేశానికి సంబంధించిన రహస్యాలు. దుకాణానికి వచ్చే రైతులకు హన్మంతు అరువివ్వని పిసినారి. పై గదికి వచ్చే నలుగురికి మాత్రం చీఫ్.

"ముగ్గురా? నేనొక్కదాన్నా?" అంది నీలవేణి. ఎంకపల్లి పిల్ల. డిపార్ట్‌మెంట్‌లో చేరి ఏడేళ్లు. గోడలెక్కింది, వేషాలు మార్చింది, ఒకసారి తుపాకీ దెబ్బ కూడా తిన్నది. ఇలాంటి పని మాత్రం ఎన్నడూ వినలేదు.

హన్మంతు ఫోటో ముందుకు తోశాడు. చేతికర్రతో ఓ పెద్దాయన, పక్కన భార్య, మనవరాలు.

"సీతారామారావు. సరిహద్దుల శత్రువుల డ్రోన్లను గుడ్డియి చేసే యంత్రానికి డ్రాయింగులు గీసిన ఇంజనీరు. రిటైరయి చిన్న మంగళారంల ఇల్లు కట్టుకున్నడు. ఆ డ్రాయింగులు ఎవడు దొంగిలించిండో ఆయనకు ఎరుక. ఎదురుంగ ఉన్న ఫామ్‌హౌస్‌ను పెళ్లి వీడియోల కంపెనీ పేరు మీద ఒక ఫారిన్ ముఠా కిరాయికి తీసుకున్నది. లీడర్ పేరు మార్కో. వీళ్ల హాల్ల స్విచ్‌బోర్డు ఎనుక మైకు పెట్టిన్రు. సంపు పక్కపొంటి బాంబు పెట్టిన్రు. పెద్దాయన ఎవరెవరికి చెప్తడో ఇనుకుంట కూసున్నరు."

"మైకు పీకేస్తే?"

"నిశ్శబ్దమైతది. బటన్ నొక్కుతడు."

"ఫామ్‌హౌస్ మీద రెయిడ్ చేస్తే?"

"గేటు సప్పుడైతది. బటన్."

"ముగ్గుర్ని చప్పుడు గాకుండ ఎనుకనుంచి దాటిస్తే?"

"ఇల్లు సల్లబడ్డదని తెలుస్తది. బటన్. అందుకే బిడ్డా, ఆళ్లు బయటపడ్డదాంక ఇల్లు ఇల్లు లెక్కనే ఇనపడాలె. మార్కోకు తెలుగు రాదు. సప్పుళ్లు మాత్రం మస్తు వస్తయి."

"మాటలెవరు చెప్తరు ఆనికి?"

"శ్రీవల్లి." ఆ పేరు చెప్తూ హన్మంతు గొంతు సవరించుకున్నాడు. భీమవరం పిల్ల. పట్టుచీరలకు మోడల్. ముఠాకు గూఢచారి. డిపార్ట్‌మెంట్‌కు కూడా గూఢచారి.

"ఆమె మనదేనా అన్నా?"

"మనదే," అని, ఫోటో వెనక్కి లాక్కుంటూ, "చానావరకు," అన్నాడు హన్మంతు.

*

మొయినాబాద్‌లో మూతపడ్డ కోళ్ల షెడ్డుకు గోనెసంచులు, గుడ్ల అట్టలు తాపడం చేసి వెంకటరమణ మాస్టారు సౌండ్ డిజైన్ స్కూలు నడుపుతున్నాడు. సినిమాల్లో అడుగుల చప్పుడు, తలుపుల చప్పుడు, చెంపదెబ్బల చప్పుడు పుట్టించి పుట్టించి చెవులు పండిన మనిషి. ఆ పనిని ఫోలీ అంటారు. తెర మీద బొమ్మ నడుస్తుంటే ఇక్కడ గదిలో మనిషి నడవాలి.

నీలవేణి అక్కడ స్టూడెంటుగా చేరింది. మిగతా వాళ్లందరూ ఇంటర్ దాటిన పిల్లలు. ఆమెను "ఆంటీ" అన్నారు. ఆమె ఊరుకుంది. పిస్టల్ ఉన్న ఆడమనిషికి ఆంటీ అనిపించుకోవడమే మంచి మారువేషం.

పాత క్యాసెట్ టేపు ముద్దను నలిపితే ఎండుగడ్డిలో పాము పోతుంది. నానిన గుడ్డను నేలకు కొడితే మనిషి మీద దెబ్బ పడుతుంది. ఇవన్నీ తొందరగానే పట్టుబడ్డాయి. నడక దగ్గరే బండి బురదలో దిగింది.

"ముసలాయన నడక కాలితో మొదలవదమ్మా," అనేవాడు మాస్టారు కళ్లు మూసుకుని. "కుర్చీ కిర్రుమంటుంది. ఓ నిట్టూర్పు. కర్ర వెతుక్కుంటాడు. అప్పుడు కదా అడుగు!"

చేతులకు చెప్పులు తొడుక్కుని రాతిపలక మీద నడిచింది. ముంజేతికి గాజులేసుకుని గిన్నెలు సర్దింది. అరచేతులతో చిన్నపిల్లలా పరుగెత్తింది. విడివిడిగా మూడూ బాగుండేవి. కలిపి చేస్తే మాస్టారు తల అడ్డంగా ఊపేవాడు.

"ముగ్గురూ ఒక్క మనిషే. వినపడిపోతోంది. ఇంట్లో వాళ్లు ఒకరి కోసం ఒకరు ఆగుతారమ్మా. ఆయన మాట్లాడబోతే ఆవిడ గరిటె ఆగుతుంది. నీ వాళ్లెవరూ ఎవరి కోసమూ ఆగరు. ఖాళీ కనపడితే చాలు, గాబరాపడి నింపేస్తావు. చప్పుడు చేయడం వచ్చింది. ఊరుకోవడం రాలేదు."

అది రాకముందే హన్మంతు ఫోన్ వచ్చింది. "మార్కో రేపు పొద్దుగాల విమానమెక్కుతున్నడు. పొయ్యేముందు ఎట్లాగైన నొక్కుతడు. ఇయ్యాల్నే పోవాలె."

"అన్నా, నాకింకా సరిగ్గ రాలేదు."

"వచ్చినకాడికే చెయ్ బిడ్డా."

*

సాయంత్రం పూట వాటర్‌క్యాన్ల ఆటో సీతారామారావు గేటు ముందాగింది. నైటీ మీద తువ్వాలేసుకుని, నెత్తికి గుడ్డ చుట్టుకుని నీలవేణి దిగింది. దిగుతూనే చాటుగా టైరు గాలి తీసింది. "థూ, పంచరైనట్టున్నది" అని ఎదురు ఫామ్‌హౌస్‌కు వినపడేట్టు ఆటోను తిట్టి, క్యాను భుజానికెత్తుకుని లోపలికి నడిచింది. ఆ క్యానులో నీళ్లు లేవు. చేతికర్ర, చెప్పులు, గాజులు, తడిగుడ్డ, బుల్లి స్పీకరు ఉన్నాయి. చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్.

లోపల ముగ్గురూ నిలబడి ఉన్నారు. ముందే చీటీల మీద అంతా చెప్పి ఉంచారు. రాజ్యలక్ష్మమ్మ నీలవేణి చేతులు పట్టుకుంది. పదేళ్ల శ్రీయ చెప్పులు చేతిలో పట్టుకుంది. పెద్దాయన కర్రను గాలిలోనే పట్టుకుని, నేలకు ఆనించకుండా, గోడ ఊతంతో వంటింటి తలుపు దాటాడు. పెరటి గోడకు నిచ్చెన. గోడ అవతల శంకరయ్య అనే రైతు చామంతి తోట. తోట చివర పూల బండి.

నీలవేణి స్విచ్‌బోర్డు కింద నేల మీద కూర్చుంది. ఒంటరిగా ఒక సంసారం మొదలుపెట్టింది.

టీవీలో సీరియల్ ఏడుస్తోంది. కుర్చీ కిర్రుమంది. కర్ర, అడుగు, కర్ర, అడుగు. గాజులు, గిన్నె. స్పీకర్లోంచి రాజ్యలక్ష్మమ్మ గొంతు, "శ్రీయా, హోంవర్క్ అయిందా?" అంది. ఆ మాటలన్నీ పోయిన వారం ఓ పెళ్లిలో, ఫంక్షన్ హాల్ గదిలో ఫ్యాన్ కింద రికార్డు చేసినవి.

ఇయర్‌పీస్‌లో శ్రీవల్లి. ఫామ్‌హౌస్‌లో మార్కో పక్కనే కూర్చుని టైలరుతో మాట్లాడుతున్నట్టు ఫోన్ పట్టుకుంది. టైలరు హన్మంతు. "మాస్టారూ, కొలతలు సరిపోయాయండీ." అంటే నమ్మారు. బిగుతుగా ఉందంటే అనుమానం. బ్లౌజు నాది కాదంటే వేలు బటన్ మీదికి వచ్చినట్టు.

తర్వాత హన్మంతు గొంతు, లోగొంతుకతో. "పెద్దాయన మోకాలు పట్టేసింది. నిచ్చెన మీద సగంల ఇరుక్కున్నడు. జర సేపు లాగు."

లాగింది. చెమట కళ్లలోకి దిగింది. రికార్డు మాటలు అయిపోవచ్చాయి. దగ్గు మళ్లీ అదే వేద్దామా అనుకుంది. ఒకే దగ్గు రెండుసార్లు ఒకేలా ఎవడు దగ్గుతాడు?

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. సీరియల్ నోరు మూసుకుంది. ఫ్యాన్లు ఆగాయి. ఇల్లు బావిలా అయింది. స్పీకర్ మీదికి పోయిన చెయ్యి సగంలో ఆగింది. ఆ మాటల వెనక ఫంక్షన్ హాల్ ఫ్యాను గరగరమంటోంది. కరెంటు లేని ఇంట్లో ఫ్యాను ఎట్లా తిరుగుతుంది?

మాటలు లేవు. టీవీ లేదు. కర్ర ఎక్కడ పెట్టిందో గుర్తు రాలేదు. గుండె చప్పుడు మైకుకు వినపడుతుందేమోనని భయమేసింది. ఏదో ఒకటి. ఏదో ఒకటి చెయ్యాలి. చీకటిపడే వేళ ఇంట్లో ఆడమనిషి చేతులు ఏం చేస్తాయి?

ఆమె చేతులు ఆమెనడగలేదు. తడిగుడ్డను మడిచి నేల మీద పరిచాయి. తప్, తప్, తప్. తిప్పి, తప్, తప్. ఎంకపల్లిలో పొద్దుగూకితే ప్రతి ఇంట్లోంచీ వచ్చే చప్పుడు. అమ్మ చేసిన చప్పుడు, అవ్వ చేసిన చప్పుడు. కోళ్ల షెడ్డులో అన్నాళ్లు చచ్చీచెడీ నేర్చుకున్న దేనికీ రాని నిండుదనం దానికి వచ్చింది. నీలవేణికి ఊపిరాడింది.

ఇయర్‌పీస్‌లో మార్కో గొంతు. "వాట్ ఈజ్ దట్? రెండు వారాలుగా వింటున్నాను. ఈ ఇంట్లో ఆ సౌండ్ ఎప్పుడూ లేదు." అతని ఇంగ్లీషు నెమ్మదిగా ఉంది.

వెంటనే శ్రీవల్లి. "మాస్టారూ, ఈ బ్లౌజు నాది కాదండీ. ఎవరిదో కుట్టేశారు."

నీలవేణి చెయ్యి గాల్లో నిలిచిపోయింది. జొన్నరొట్టె! కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఈ ఇంట్లో సాయంత్రం కుక్కరు కూస్తుంది, తిరగమోత చిటపటమంటుంది. రొట్టె కొట్టే చెయ్యి ఎక్కడిది? తన ఇంటి చప్పుడు తెచ్చి వీళ్ల ఇంట్లో పెట్టింది. ముగ్గురి ప్రాణాలు నిచ్చెన మీదుండగా, తను అమ్మను తలుచుకుంది.

ఆపితే చావు. ఆపకపోయినా చావు.

గేటు ముందు గాలి లేని ఆటో గుర్తొచ్చింది. వాటర్‌క్యాన్ల మనిషి లోపలికి రావడం వాళ్లు చూశారు. బయటికి పోవడం చూడలేదు. ఈ ఇంట్లో నాలుగో మనిషి ఉంది. ఆ మనిషికి నోరుంది.

"గట్ల కాదమ్మా!" అంది నీలవేణి, తన సొంత గొంతుతో, గట్టిగా. "సూడుండ్రి. నేను కొట్టినట్టు కొట్టాలె. చెయ్యి గట్టిగ పెడితే రొట్టె ఇరుగుతది. ఏదీ, మీరు కొట్టుండ్రి."

ఆగింది. గాజుల చెయ్యి మార్చింది. ఎడమచేత్తో కొట్టింది. తప్... తప్‌తప్... తప్. తడబడే చెయ్యి. రాని చెయ్యి. చివరి దెబ్బకు గుడ్డ నలిగి రొట్టె విరిగినట్టే వినపడింది. గాజులు సిగ్గుపడ్డట్టు గలగలమన్నాయి.

"అయ్యో ఇరిగిపాయె! ఫికర్ జెయ్యకుండ్రి. మొదలు మొదలు అందరికి గంతే. మా అవ్వ నన్ను కట్టెతోని కొట్టి నేర్పింది. పెద్దసారూ, షుగరుకు జొన్నరొట్టె తినుమని డాక్టరే చెప్పిండంట గదా?"

మళ్లీ ఆగింది. ఈసారి ఖాళీకి గాబరాపడలేదు. పెద్దాయన ఆలోచించేంత సేపు ఇచ్చింది. కుర్చీ కిర్రుమంది. చేతికి తగిలిన కర్రతో నేల మీద ఒక్కసారి తట్టింది. టక్.

"సూసినవా పాపా, తాత ఒప్పుకోవట్టె. నువ్వు తింటవా?"

అరచేతులు నేల మీద పరుగెత్తుకుంటూ దూరంగా పారిపోయాయి. వాటర్‌క్యాన్ల మనిషి నవ్వింది. నవ్వుతున్న నీలవేణి కళ్లెమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి.

అవతల వేళ్లు బల్ల మీద టకటకలాడాయి. తర్వాత మార్కో ఏదో గొణిగాడు. శ్రీవల్లి అతనికి ఇంగ్లీషులో చెప్తోంది. డయాబెటిస్, కుకింగ్ లెసన్. చెప్పి, "సరే మాస్టారూ, చేతుల దగ్గర కొంచెం వదులు చేస్తే సరిపోతుంది," అంది.

వెంటనే హన్మంతు. "దాటిన్రు! ముగ్గురూ పూల బండెక్కిన్రు. నువ్వు బయటికి రా బిడ్డా, జల్ది. మనోళ్లు ఫామ్‌హౌస్ గేటు కాడికొస్తున్నరు."

నీలవేణి లేవబోయింది. శ్రీవల్లి గొంతు మారింది. "కదలకండి మాస్టారూ. పిన్ను గుచ్చుకుంటుంది."

రిమోట్ ఇంకా అతని చేతిలోనే ఉందన్నమాట. చెవి ఇంకా ఇక్కడే ఉంది. ఇల్లు సల్లబడిన క్షణాన ఇల్లుండదు. ఎవరో ఒకరు ఆ ముగ్గురిగా ఇక్కడ ఉండాలి.

కూర్చుంది. కుడిచేత్తో ఒక రొట్టె, ఎడమచేత్తో ఒక రొట్టె. మధ్యలో కర్ర. ఒకరు ఆగితే ఒకరు. సంపు ఎంత దూరముందో ఆలోచించకుండా ఉండటానికి, "ఇంకొంచెం నీళ్లు సల్లుండ్రమ్మా," అంది లేని మనిషితో. ఆ మాటకు జవాబుగా గాజులు మోగించింది కూడా తనే. ఆ గాజుల తోడు లేకపోతే అరిచేసేదే.

ఇయర్‌పీస్‌లో ఇనుపగేటు విరిగిన చప్పుడు. మార్కో బూతు. కుర్చీ పడింది. గాజు పగిలింది. కెవ్వున కేక. ఆ కేక మగదో ఆడదో తెలియలేదు. ఆ తర్వాత ఏమీ వినపడలేదు.

తప్, తప్, తప్. నీలవేణి చేతులు ఆగలేదు. ఆగమని ఎవరూ చెప్పలేదు.

చివరికి శ్రీవల్లి, ఆయాసపడుతూ. "మాస్టారూ, నా గోరు విరిగింది."

"రిమోట్?" హన్మంతు అరిచాడు.

"నా చేతిలో ఉంది. వాడి వేలు కూడా విరిగింది లెండి."

*

రెండు నెలలకు ముఠా రికార్డింగులు కేసులో సాక్ష్యంగా చేరాయి. గొంతులు, చప్పుళ్లు ఎవరివో తేల్చడానికి సీతారామారావు దంపతులను చేవెళ్లలో పై గదికి పిలిపించారు. నీలవేణి మూలన నిలబడింది. వెంకటరమణ మాస్టారు పరీక్ష పెట్టినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

"నేను ఇలా ఈడ్చుకుంటూ నడుస్తానా?" అన్నాడు పెద్దాయన కర్ర చప్పుడు విని, నొచ్చుకుంటూ.

"ఇంతకన్నా అధ్వాన్నంగా నడుస్తారు," అంది రాజ్యలక్ష్మమ్మ. "ఆ అమ్మాయి మర్యాదగా నడిచింది."

రొట్టెల దగ్గరికి వచ్చింది రికార్డు. తప్... తప్‌తప్... తప్. రొట్టె విరిగింది. రాజ్యలక్ష్మమ్మ మొహం ఎర్రబడింది. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, నీలవేణి వైపు తిరిగింది.

"మా ముగ్గురి ప్రాణాలూ కాపాడావు తల్లీ, జన్మజన్మలకీ మర్చిపోను. కానీ సర్కారు రికార్డుల్లో శాశ్వతంగా ఉండిపోయే చోట, నేను మరీ అంత చేతకానిదాన్నా?"

హన్మంతు కిందికి దిగిపోయాడు. నీలవేణి కిటికీలోంచి చూసింది. మధ్యతరగతి ఆడవాళ్ల పరువుతో పెట్టుకోవడం ఏ డిపార్ట్‌మెంట్ ట్రైనింగులోనూ లేదు. చీఫ్ రోడ్డు దాటి కిరాణా కొట్టు ముందు నిలబడి, జొన్నపిండి తూకం వేయించుకుంటున్నాడు.