వినబడని హారన్లు

సుల్తాన్ బజార్‌లో పట్టపగలు, చీరల దుకాణం మెట్ల మీద, కోబాల్ట్ ముఠా మొదటి సాక్షిని కాల్చి చంపింది. మిగిలింది ఒక్క సాక్షి. అతన్ని ప్రాణాలతో మేజిస్ట్రేట్ ముందుకు చేర్చే పని ఏజెంట్ ఫణికిరణ్ మీద పడింది.

బ్రీఫింగ్ దోమలగూడలో, ఒక పాత మేడ మీద జరిగింది. కింద బోర్డు పెళ్ళి సంబంధాల ఆఫీసుది. పైన జాతకాల బీరువా వెనక గదిలో చీఫ్ జోగారావు గారు కూర్చుంటారు. కోబాల్ట్ అంటే మన పవర్ గ్రిడ్ కంట్రోల్ కోడ్‌లు కొనుక్కుంటున్న విదేశీ ముఠా. ఆ అమ్మకాన్ని కళ్ళారా చూసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కృష్ణచైతన్య. అతని వాంగ్మూలం పడితే ముఠా లోపలికి పోతుంది. పడకపోతే, వాళ్ళకి బుద్ధి పుట్టిన రోజున సగం దేశం చీకట్లోకి పోతుంది.

"అతన్ని ఎక్కడ దాచావో నాకు కూడా చెప్పకు" అన్నారు జోగారావు. "మనలో ఎవరో అటు మాటలు మోస్తున్నారు. వాళ్ళకి ఇప్పుడున్న దారి ఒక్కటే, నీ వెనక నడవడం."

"చూసుకుంటాను సర్."

"చూడ్డం కాదోయ్, వినాలి. ఈ ఊళ్ళో నడిచే మనిషి వెనక ఎవడైనా బండి మెల్లగా పోనిచ్చాడనుకో, దాని వెనకున్నవాళ్ళు ఊరుకోరు. హారన్లు కొడతారు, తిడతారు. అదే నీ రాడార్. అందుకని చెవులు ఖాళీగా ఉంచుకో."

ఫణికిరణ్ తల ఊపాడు. ఆ పాఠం ట్రైనింగ్ నుంచి వింటున్నదే. ఆఫీసు కోడ్ మాటల్లాగే అదీ పాతకాలం సరుకని అతని అభిప్రాయం. జోగారావు గారి కోడ్ అంతా సంసారపక్షంగా ఉంటుంది. "అన్నం ఉడికింది" అంటే పని పూర్తయింది. "చెప్పులు పోయాయి" అంటే నా అజాగ్రత్త వల్ల శత్రువు నా వెనక పడ్డాడు. ఆ రెండో మాట అనాల్సి వస్తే రాజీనామా ఇచ్చి పోవడమే నయమని కుర్ర ఏజెంట్లు జోకులు వేసుకునేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వింది ఫణికిరణే.

ఇక వేషం. గ్రూప్స్ పరీక్షలకి చదివే కుర్రాడు. మాసిన గడ్డం, భుజాన బ్యాగు, కాళ్ళకి చెప్పులు, మెడలో నెక్‌బ్యాండ్. అది కిందటి వారం హారతి ఇచ్చిన పుట్టినరోజు కానుక. హారతిది విశాఖ. ఆఫీసులో బయటి శాఖలతో సంప్రదింపులు చూసే లియేజాన్ ఆఫీసర్. ఆమె ఎదురైతే సంబంధాల కోసం వచ్చిన పెళ్ళికొడుకులు తెచ్చిన ఫోటోలు టేబుల్ మీదే మరిచిపోయి వెళ్ళేవాళ్ళు. అలాంటి మనిషి తనకి కానుక ఇచ్చింది. ఫణికిరణ్ పద్ధతి తప్పలేదు. దాన్ని ల్యాబ్‌కి పంపాడు.

"ఏం లేదన్నా దీంట్ల" అన్నాడు టెక్నీషియన్ విఠల్. "ట్రాకర్ లేదు, బగ్ లేదు. ఉట్టి ఇయర్‌ఫోన్సే. చెవుల పెట్టుకుంటే మాత్రం బయటి చప్పుడు ఒక్కటి రాదు. మస్తు మాల్."

అశోక్ నగర్‌లో చెవిలో ఏదీ పెట్టుకోకుండా నడిచేవాడి మీదే అనుమానం వస్తుందని ఫణికిరణ్ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. అసలు కారణం వేరే ఉంది. పొద్దున్నే హారతి ఒక పొడుగాటి వాయిస్ మెసేజ్ పంపింది. దాన్ని తీరిగ్గా వినాలని అతనికి మనసు పీకుతోంది.

నారాయణగూడ చౌరస్తాలో సిలికాన్ మొనలు చెవుల్లోకి బిగించి బటన్ నొక్కాడు. బస్సులు, ఆటోలు, మెట్రో అన్నీ నోరు మూసుకున్నాయి.

"ఫణీ, నీ పని అయిపోయాక అరకు వెళ్దామా? అక్కడ పొద్దున్నే మంచు ఎలా ఉంటుందంటే..."

ట్రైనింగ్‌లో నేర్పినట్టే ఒక వీధిని రెండుసార్లు చుట్టాడు. దుకాణం అద్దంలో వెనక్కి చూశాడు. స్కూటర్లు కనిపించాయి, హెల్మెట్ల కింద అందరూ ఒకేలా ఉన్నారు. రెండో చుట్టులో మూల మీద మల్లెపూలు అమ్మే సమ్మక్క లేచి నిలబడి, అతని వెనక్కి చెయ్యి చూపిస్తూ ఏదో అంది. పూలు కొనమంటోంది కాబోలనుకుని, వద్దని చెయ్యి ఊపి నవ్వుతూ సాగిపోయాడు. చిక్కడపల్లి లైబ్రరీ పక్క సందులో ఒక ఆటో డ్రైవరు తల బయట పెట్టి ఎవరినో తిడుతున్నాడు. పెదాల కదలిక తప్ప మాట అందలేదు. చెవిలో అరకు మంచు కురుస్తోంది.

అశోక్ నగర్‌లో హాస్టల్ వీధి మలుపు తిరిగాడో లేదో, ఎవరో బ్యాగు పట్టుకుని వెనక్కి గుంజారు. ముక్కుకి జానెడు దూరంలో రివర్స్‌లో వస్తున్న నీళ్ళ ట్యాంకర్ చక్రం తిరుగుతూ పోయింది. ఆ గుంజుడుకి కుడి చెవిలోది ఊడి పడింది. దబ్బున ఊరంతా వచ్చి ఆ చెవిలో పడింది.

"ఎప్పటిసంది ఒర్లుతున్న, ఇనవడ్తలేదా బాబూ?" బనీను మీద తువ్వాలు వేసుకున్న పెద్దాయన రొప్పుతున్నాడు. "నీ ఎంబడి ఆ స్కూటర్ మెల్లగ వస్తుంటే గల్లీ అంత జామ్ అయింది. ఎనకాల హారన్లు కొట్టి కొట్టి పరేషాన్ అవుతున్నరు. ఆ మేడం మీ మనిషేనా ఏంది?"

ట్యాంకర్ రివర్స్ మోతలో ఆ మాటలు వెనకదాకా చేరలేదు. ఫణికిరణ్ తిరిగి చూడలేదు. విన్నాడు. ఒకటి కాదు, వరసగా హారన్లు. ఎక్కడ మొదలయ్యాయో, ఎంతసేపటి నుంచి మోగుతున్నాయో. సమ్మక్క చెయ్యి, ఆటో డ్రైవరు పెదాలు అప్పుడు గుర్తొచ్చాయి.

"సారీ పెద్దనాన్నా" అని గొణిగి, ఊడినదాన్ని మళ్ళీ చెవిలో పెట్టుకున్నట్టు నటించాడు. లోపలికి బిగించలేదు. నడక సాగించాడు. ఎడమ చెవిలో హారతి అరకు గురించి చెబుతోంది. కుడి చెవిలోకి వెనక రోడ్డు మీద నుంచి అదే హారతి గొంతు వచ్చింది.

"ఇంకా దగ్గరికి పోనివ్వు నగేష్. అవి పెట్టుకున్నాక పక్కన బాంబు పేలినా వాడికి వినబడదు. నేనే ఏరి కొన్నాను."

"పాపం మేడం, నవ్వుకుంట పోతుండు."

"నా మెసేజ్ వింటున్నాడు."

ఇద్దరూ నవ్వారు.

ఫణికిరణ్‌కి తల కొట్టేసినట్టయింది. ల్యాబ్‌లో ఏమీ దొరకలేదంటే దొరకడానికి అందులో ఏమీ లేదు కనక. వాళ్ళకి కావలసింది అతని చెవులు మూసుకుపోవడం ఒక్కటే, ఆ పని అతనే తన వేళ్ళతో చేసిపెట్టాడు. ముద్దుగా నవ్వుతూ, నమ్మి దాక్కున్న మనిషి గుమ్మం దాకా చావుని వెంటబెట్టుకొచ్చాడు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. నేల చీలితే దిగిపోయేవాడే. కానీ హాస్టల్ గేటు నాలుగు అంగల్లో ఉంది.

ఆ గేటు తెరుచుకుంది. టోపీ కింద గుండుతో, పెరిగిన గడ్డంతో కృష్ణచైతన్య బయటికి వచ్చాడు. తీసుకెళ్ళే మనిషి కనిపించాడని ఆ ముఖం విప్పారింది.

"అన్నా" అని పిలిచాడు.

ఫణికిరణ్ పలకలేదు. ఇందాకటి నవ్వునే ముఖాన అతికించుకుని, ఏమీ వినబడనివాడిలా అతన్ని దాటిపోయాడు.

"అన్నా, ఇక్కడ" అని ఇంకొంచెం గట్టిగా పిలిచాడు కృష్ణచైతన్య.

స్కూటర్ గేటు ముందుకి వచ్చింది. ఫణికిరణ్ నడక వేగం మార్చలేదు.

"ఎంత పిలిచినా వాడికి వినబడదు తమ్ముడూ" అంది హారతి నవ్వుతూ. "కొంచెం పక్కకి జరుగు."

కృష్ణచైతన్య జరిగాడు. తను వెతుకుతున్న మనిషిని తనే పక్కకి తప్పించి హారతి ముందుకు సాగిపోయింది.

ఫణికిరణ్ నెక్‌బ్యాండ్ బటన్ రెండుసార్లు నొక్కాడు. ఆఖరుగా మాట్లాడిన నంబరుకి ఫోన్ పోయింది. గాలితో మాట్లాడుకుంటూ నడిచే కుర్రాళ్ళు అశోక్ నగర్‌లో ఎవరికీ వింత కాదు. అయినా ఆ కోడ్ హారతికీ తెలుసు. హారన్ల మోతలో కలిసిపోయేంత మెల్లగా అన్నాడు.

"నాన్నా. చెప్పులు పోయాయి."

"ఎన్ని జతలురా?" అన్నారు జోగారావు.

"రెండు. అందులో ఒకటి మన ఇంటిదే."

"అన్నం?"

"పొయ్యి మీద అలాగే భద్రంగా ఉంది. మూత ఎవరూ తియ్యలేదు."

"ఇందిరా పార్కు వైపు సందులోకి రా. వ్యాన్ అక్కడే ఉంది. తిన్నగా నడు, వెనక్కి తిరగకు."

సాక్షిని తీసుకెళ్ళడానికి, దాచిన చోటు చెప్పకుండా ఫణికిరణే అక్కడ ఉంచమన్న వ్యాన్ అది. ఫణికిరణ్ సందులోకి మళ్ళాడు. స్కూటర్ మళ్ళింది. అక్కడ ట్రాఫిక్ లేదు, హారన్లూ లేవు. ఎదురుగా గోడ, దాని మీద కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ, అందులో నవ్వుతున్న టాపర్.

"దారి లేదు మేడం" అన్నాడు నగేష్.

"వాడికి తెలిసిపోయింది" అంది హారతి. వెంటనే చిన్నగా బ్యాగు జిప్ లాగిన చప్పుడు వినిపించింది. చెవి మూసి ఉంటే అతను విన్న ఆఖరు మాట అరకు అయ్యేది. ఫణికిరణ్ చటుక్కున నేల మీదికి వాలిపోయాడు. అతని తల ఉండాల్సిన చోటు మీదుగా దూసుకెళ్ళిన గుండు టాపర్ నుదుటికి తగిలింది. రెండో గుండు పేలేలోగా వెనక నుంచి వ్యాన్ వచ్చి సందుకి అడ్డం నిలిచింది. నలుగురు దిగారు. పిస్టల్ కింద పడింది.

సంకెళ్ళు వేస్తుంటే హారతి అతని చెవి వైపు చూసింది.

"ఎప్పట్నుంచి వింటున్నావు?"

"నవ్వుకుంట పోతుండు అన్నప్పట్నుంచి."

ఆమె తల తిప్పుకుంది. గెలిచానన్న తృప్తి అతనికి రవ్వంత కూడా కలగలేదు.

హాస్టల్ గేటు దగ్గర కృష్ణచైతన్య ఇంకా నిలబడే ఉన్నాడు. వ్యాన్ ఎక్కుతూ, "రెండుసార్లు పిలిచాను, పలకలేదేంటన్నా?" అన్నాడు. ఫణికిరణ్ అతని ముఖంలోకి చూడలేక కిటికీ బయటికి చూశాడు. మధ్యాహ్నం వాంగ్మూలం నమోదైంది. "అన్నం ఉడికింది" అని ఫోన్ చేస్తే జోగారావు గారు "ఊఁ" అని పెట్టేశారు.

సాయంత్రం నారాయణగూడ మూల మీద సమ్మక్క దగ్గర ఆగాడు.

"పొద్దుగాల గంత మొత్తుకుంటి, చెయ్యి ఊపి పోతివి" అంది ఆమె. "ఇప్పుడు ఇనవడ్తుందా కొడుకా?"

"వినబడుతోందమ్మా" అన్నాడు. మూర పూలు కొన్నాడు. ఇవ్వడానికి ఎవరూ లేరు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి అతని టేబుల్ మీద ఒక అట్టపెట్టె ఉంది, మూత మీద జోగారావు గారి చేతిరాతలో అతని పేరు. లోపల కొత్త తోలు చెప్పులు. కొలత సరిగ్గా సరిపోయింది. వేసుకుని నాలుగడుగులు వేస్తే, జాతకాల కోసం వచ్చినవాళ్ళందరూ తలలు తిప్పి చూసేంతగా కిర్రుకిర్రుమన్నాయి. ఫణికిరణ్ వాటిని మార్చమని అడగలేదు.