ఓడ తలుపు గడియ

పోర్టులో గుట్టలు పోసిన ఇనుప ఖనిజం దుమ్ము గాలికి లేచి, చేపలరేవు వెనక ఇళ్ల గోడలన్నీ ఎర్రబారి ఉంటాయి. ఆ వీధిలోని రేకుల ఇంట్లో సూర్యకళ పదకొండు రోజుల బాలింత.

"పక్కలో ఇనుముండాలే. గాలీ ధూళీ దగ్గరికి రావు," అంది అత్త చిట్టమ్మ.

సూర్యకళ మొగుడు పోలిరాజు ఓ ఇనుప ముక్క తెచ్చిచ్చాడు. అంతకు ముందురోజు వలకు తగిలిందట. జానెడు పొడవు, పాత ఓడ తలుపు గడియ. దాన్ని పిల్లాడి తలగడ కింద పెట్టి, తెల్లారకముందే వేటకెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. చిట్టమ్మ వీధి కుళాయి దగ్గరుంది. సూర్యకళకి కునుకు పట్టబోతుంటే వినిపించింది.

టక్... టక్... టక్.

ఎండకి రేకులు సాగుతున్నాయనుకుంది. మళ్లీ అదే. పైనుంచి కాదు, తలగడ కిందనుంచి. ఏళ్ల తరబడి కదలని నీళ్ల వాసన గదంతా కమ్ముకుంది. వంగి చెవి పెట్టింది. ఎక్కడో చాలా లోపల, ఎవరో గుప్పిటతో ఇనుప తలుపు బాదుతున్నారు.

"ఎవరూ?" గొణిగింది.

చప్పుడు ఆగింది.

తర్వాత... గోళ్లతో గీకుతున్న చప్పుడు.

పిల్లాడి వైపు చూసింది. వాడి పెదాలు నల్లబడుతున్నాయి. ఊపిరి అందడం లేదు. సూర్యకళ గడియని లాగింది. అంత ఎండలోనూ అది మంచులా ఉంది, తడిగా ఉంది. తలుపుకి ఎవరో ఆ గడియ వేసిన రోజున ఓడ లోపల ఇంకెవరో ఉండిపోయారు. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. అయినా తెలిసిపోయింది.

"అత్తా! పిల్లోడు!" అని అరిచి, చెప్పుల్లేకుండా రేవుకి పరిగెత్తింది. గట్టు చివరికెళ్లి గడియని సముద్రంలోకి విసిరేసింది.

తిరిగొచ్చేసరికి పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పెదాలు ఎర్రబడ్డాయి. సూర్యకళ గుమ్మంలోనే కూలబడింది.

"ఏటి సేసినావే? పచ్చి బాలింతరాలివి, ఎండలో యాడకి పోయినావ్?" చిట్టమ్మ తిడుతూనే ఉంది.

పొద్దు గుంకే వేళ పోలిరాజు ఫోన్ చేశాడు. రేవు ముఖద్వారంలోకి వచ్చేశాడట. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"సూర్యకళా... బోటు కింద ఎవుడో కొడతన్నాడే."

"ఇంజిన్ ఆపొద్దు మావా! వచ్చీ!"

"ఆపలేదే. అదే ఆగిపోనాది. నీళ్లలోంచి మనిషి గొంతు... 'ఉమామహేష్, తలుపు తియ్యి' అంటన్నాడు. మా బోటులో ఆ పేరుగలోడు ఎవుడూ లేడు. ఎవుడే ఆ ఉమామహేష్?"

ఫోన్ కట్ అయింది.

చిట్టమ్మ ఒళ్లో, ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్న పిల్లాడు, నిద్రలోంచి కళ్లు తెరిచి, ఆ పేరు తనదే అయినట్టు "ఊఁ" అన్నాడు.