నూట నాలుగు ఒకట్లు

కుళాయి కింద బిందె పెట్టి, అది నిండేలోపు ఫోన్ చూసుకోవడం సిసింద్రీకి అలవాటు. ఆ రోజు బిందె నిండి, పొర్లి, వంటగది గడప దాకా నీళ్లు పారినా ఆమె కదల్లేదు.

"కళ్లెక్కడ పెట్టుకున్నావే? ఇల్లంతా చెరువు చేస్తున్నావు!" అంటూ తల్లి పరుగున వచ్చి కుళాయి కట్టేసింది.

"దరఖాస్తు కొట్టేశారమ్మా," అంది సిసింద్రీ.

తల్లి చేతిలోని గుడ్డ నేలమీద పెట్టింది గానీ తుడవలేదు.

ముక్కు మీద కోపం చూసి చిన్నప్పుడు తండ్రి పెట్టిన ముద్దుపేరు సిసింద్రీ. ఇరవై ఆరేళ్లొచ్చినా పేరూ పోలేదు, కోపమూ పోలేదు. తండ్రిది రెండు కుర్చీల సెలూన్. జబ్బు ప్రబలిన ఏడాది అందరికంటే ముందు మూయించింది సెలూన్లనే, అందరికంటే చివర తెరవనిచ్చిందీ వాటినే. మధ్యలో నూట నాలుగు రోజులు. ఆ తర్వాత షట్టరు ఎత్తినా మునుపటిలా జనం రాలేదు. ఇంట్లోనే అద్దం ముందు నిలబడి తమ జుట్టు తామే గొరుక్కోవడం నేర్చుకున్నారు మహానుభావులు. అద్దె బాకీ పేరుకుపోయింది. నెలాఖరులోగా కట్టకపోతే షాపు వేరేవాళ్లకిచ్చేస్తానని దాని యజమాని చాలా మర్యాదగా చెప్పాడు. అరిచి చెప్పి ఉంటే కాళ్లావేళ్లా పడేవాళ్లు. మర్యాదగా చెప్పేసరికి అందరికీ భయం వేసింది.

అలాంటప్పుడు వచ్చింది ప్రభుత్వ ప్రకటన. ఆంక్షల వల్ల మూతపడ్డ చిన్న షాపులకు, మూసి ఉన్న ఒక్కో రోజుకు ఇంత అని సాయం. ఆ డబ్బు చేతికొస్తే బాకీ తీరుతుంది, షాపు నిలుస్తుంది. రాకపోతే ముప్పై ఏళ్ల షాపు ఈ నెలతో సరి. బట్టల కొట్లో ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న సిసింద్రీ రెండు నెలలు ఆ దరఖాస్తుతోనే కాపురం చేసింది. ఫొటో పెద్దదైందంటే మళ్లీ తీసింది. సంతకం గడి దాటిందంటే మళ్లీ పెట్టించింది. షాపు రిజిస్టరు కావాలంటే, అడిగిన నాలుగు పేజీలు కాకుండా పుస్తకం మొత్తం ఫొటోలు తీసి పంపింది. చూడనీ, మాది ఎంత పద్ధతైన షాపో, అనుకుంది. పంపేముందు చదవాలని మాత్రం తోచలేదు.

ఆ రిజిస్టరు రాసేది తల్లి. రోజూ సాయంత్రం తండ్రి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే ఆమె పుస్తకం తెరిచి, "ఎంతమంది?" అని అడుగుతుంది. ఆయన చెబుతాడు, ఆమె రాస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతి అది.

సిసింద్రీ ఫోన్లో వచ్చిన ఉత్తరం గట్టిగా చదివింది. "'మీరు సమర్పించిన రిజిస్టరు ప్రకారం నిషేధ కాలంలో వ్యాపారం జరిగినట్లు తెలియుచున్నది. కావున తిరస్కరించడమైనది. అభ్యంతరములున్నచో ఏడు రోజులలో తెలుపవలెను.' ఉత్తరం మీద తేదీ ఏడు రోజుల కిందటిదమ్మా! నాకు చేరింది ఇవాళ. అంటే ఈ సాయంత్రంతో ఆఖరు!"

ఆమె విసురుగా వెళ్లి అలమరలోంచి పుస్తకం లాగింది. ఆ నెలల పేజీలు తిప్పేసరికి ఒళ్లు మండిపోయింది. ఒక్క రోజు తప్పకుండా, ప్రతి తేదీ పక్కనా తల్లి గుండ్రటి చేతిరాతలో 'ఒకటి'. నూట నాలుగు ఒకట్లు.

అప్పుడే మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చాడు తండ్రి.

"నాన్నా, ఎవరా ఒక్కరు?"

"ఏ ఒక్కరు?"

"షట్టరు దింపి ఉంది. వీధి చివర పోలీసులు కుర్చీలేసుకుని కూర్చున్నారు. అయినా రోజుకొక్కరు, ఎక్కువా కాదు తక్కువా కాదు, లెక్కపెట్టినట్టు వచ్చారు. నువ్వేమైనా టోకెన్లు ఇచ్చావా?"

"వెనక తలుపు ఉందిగా. వచ్చారు. రాయించాను."

"పేర్లు చెప్పు."

"గడ్డానికి వచ్చినవాళ్ల పేర్లు ఎవరైనా అడుగుతారా?"

"అయితే పుస్తకం తప్పని రాసిచ్చేద్దాం పద."

"రాసివ్వను," అన్నాడు తండ్రి. గొంతు పెంచలేదు. "ముప్పై ఏళ్ల పుస్తకం. మీ అమ్మ చేత్తో రాసింది. అందులో అబద్ధం ఉందని నా చేత్తో రాసివ్వను."

"షాపు పోతుంది!"

"పోతే పోనీ."

సిసింద్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేం, పోతే పోనీ అంటావు! రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగింది నేను. నీ పరువంతా ఆ పుస్తకంలో ఉందేమో గానీ మా తిండి అందులో లేదు నాన్నా. ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల జుట్టు కత్తిరించి ఏం మిగిల్చావు? రెండు అరిగిపోయిన కుర్చీలు! కొత్త కుర్చీ కొంటా కొంటానని దాచావుగా, అదైనా ఏది?"

తండ్రి చొక్కా తొడుక్కుని, గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుని, "పద, వాళ్లేమంటారో వింటాను," అని చెప్పులు వేసుకున్నాడు.

"నేనూ వస్తాను," అంది తల్లి. మోకాళ్ల నొప్పులతో వీధి చివరిదాకా కూడా వెళ్లని మనిషి అలా అనేసరికి తండ్రీకూతుళ్లిద్దరూ తిరిగి చూశారు.

ఆ ఆఫీసులో మనిషి ఓర్పుకి పరీక్ష పెట్టడానికే మూడు కిటికీలు కట్టినట్టున్నారు. మొదటి కిటికీ రెండో కిటికీకి పొమ్మంది. రెండో కిటికీ అన్నానికి వెళ్లింది. అది తిరిగొచ్చి రిజిస్టరు మొత్తానికి జిరాక్సు కావాలంది. వీధిలో ఉన్న ఒక్క జిరాక్సు షాపులో కరెంటు లేదు. సిసింద్రీ మూడు వీధులు పరుగెత్తి కాగితాలు తెచ్చేసరికి, అసలు పుస్తకమే ఉందిగా, ఇవెందుకని మూడో కిటికీ అడిగింది. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చివరికి మధ్యాహ్నం మూడింటికి లోపలి గదిలో కళ్లజోడు మేడమ్ ముందు ముగ్గురూ కూర్చున్నారు.

మేడమ్ పేజీలు తిప్పి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "రెండే దారులండీ. ఆ రోజుల్లో మనుషులొచ్చారంటే నిబంధన మీరినట్టు, జరిమానా పడుతుంది. రాలేదంటే ఈ లెక్క అబద్ధమని ఒప్పుకోవాలి. ఏదో ఒకటి తేల్చి చెప్పండి. నాలుగున్నర దాటితే కంప్యూటరు తీసుకోదు, నేను తీసుకుందామన్నా."

తండ్రి బల్లమీది అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నా, నీకు దండం పెడతాను. చెప్పు!"

గోడ గడియారంలో ముల్లు కదులుతుంటే సిసింద్రీకి ఆయన్ని పట్టుకుని ఊపేయాలనిపించింది.

"ఎవరూ రాలేదు మేడమ్," అంది తల్లి.

తండ్రి చటుక్కున తలెత్తాడు. "నువ్వుండవే. నీకేం తెలుసు?"

"తువ్వాళ్లు ఉతికేది నేను కదండీ." తల్లి మేడమ్ వైపే తిరిగి చెప్పింది. "గడ్డం గీసిన తువ్వాలు సబ్బు వాసనేస్తుంది మేడమ్. కటింగు చేసిందైతే వెంట్రుకలు పట్టుకుని ఓ పట్టాన వదలవు, దులిపి దులిపి చేతులు పడిపోతాయి. ముప్పై ఏళ్లుగా అదే నా పని. ఆ నూట నాలుగు రోజులూ ఈయన రోజుకో తడి తువ్వాలు తెచ్చి బకెట్లో వేసేవారు. ఒట్టి కుళాయి నీళ్లు. సబ్బు లేదు, వెంట్రుక లేదు."

తండ్రి కుర్చీలోనే ఆమె వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?" అన్నాడు తండ్రి.

"మొదటి రోజే తెలిసింది."

"మరి రాశావేం?"

"ఒకటి అని చెప్పేటప్పుడు మీ మొహం నేను చూశాను. సున్నా అని ఎలా రాయమంటారు?"

తండ్రి రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని అడుగుతావు. ఎవరూ రాలేదని చెప్పడానికి నోరు రాలేదే. రాలేదంటే నువ్వు దిగులు పెట్టుకుంటావు. ఒక్కడొచ్చాడంటే, రేపు ఇద్దరొస్తారులే అనుకుంటావని..."

"ఆ ఒక్కడి డబ్బు రోజూ నా చేతిలో పెట్టేవారు. అది కొత్త కుర్చీకి దాచిందని కూడా తెలుసు," అంది తల్లి.

సిసింద్రీకి పొద్దున తను అన్న మాటలు ఒక్కొక్కటే చెవుల్లో మోగాయి. ఆ కుర్చీ డబ్బే నూట నాలుగు రోజులు ఇంట్లో పొయ్యి వెలిగించింది. ఆ తిండి తిని, ఆ మనిషినే ఏం మిగిల్చావని నిలదీసింది తను. తల పగలగొట్టుకోవాలనిపించింది.

"మరి రోజంతా షాపులో ఏం చేసేవారు?" అని అడిగింది మేడమ్.

"కూర్చునేవాడినండి. కత్తులు తుప్పు పట్టకుండా తుడిచేవాడిని. మళ్లీ కూర్చునేవాడిని."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని కాసేపు కాగితాలు సర్దింది. "రాసినవాళ్లే దిద్దాలి. యజమాని పక్కన సంతకం పెట్టాలి. ప్రతి తేదీకీ."

"నూట నాలుగూనా? మొత్తానికి ఒక్క గీత కొట్టేస్తే కాదా మేడమ్?" సిసింద్రీ మళ్లీ ఒంటికాలి మీద లేచింది.

"కాదమ్మా. నిబంధన. ఇలా తెస్తే పైకి పంపే పూచీ నాది."

వరండాలో బల్లమీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తల్లి ఒకటి కొట్టేసి సున్నా వేస్తుంది, తండ్రి సంతకం పెడతాడు. సిసింద్రీ ఎదురుగా నేలమీద కూర్చుని పేజీలు తిప్పుతూ, గడియారం చూస్తూ, నిబంధనలు రాసినవాళ్లను కసితీరా తిట్టుకుంటోంది.

"ఈ రోజు మీకు ఒళ్లు కాలిపోయే జ్వరం," అంది తల్లి ఒక తేదీ దగ్గర ఆగి.

"అయినా వెళ్లాను."

"వెళ్లి, తువ్వాలు తడుపుకొచ్చారు."

తండ్రికి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయి కళ్లు తుడుచుకున్నాడు. తల్లి పెన్ను ఆపకుండానే కొంగు అందించింది.

"పొద్దున అన్నవన్నీ తప్పు నాన్నా," అంది సిసింద్రీ నేల చూపులు చూస్తూ.

"పేజీ తిప్పవే. టైము లేదు," అన్నాడు తండ్రి.

నాలుగూ ఇరవైకి పుస్తకం మళ్లీ బల్ల మీదికి చేరింది. మేడమ్ వేలితో ఒక్కో తేదీ లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. "నూట మూడే దిద్దారు. ఇదొకటి వదిలేశారు."

"నేనే వద్దన్నానండి. అది నిజం," అన్నాడు తండ్రి.

"అంటే? ఆ రోజు ఎవరొచ్చారు?"

తండ్రి గడ్డంతో కూతురి వైపు చూపించాడు.

సిసింద్రీ వంగి తేదీ చూసింది. బట్టల కొట్టువాళ్లు ఇక రావద్దన్న రోజది. ఇంట్లో చెప్పే ధైర్యం లేక నేరుగా సెలూన్ వెనక తలుపు తట్టింది. తండ్రి ఏమీ అడగలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, షాపులోనే ఉండే పెద్ద గుడ్డ మెడకు కట్టి, ఆమె మొహం ఆమెకే కనపడకుండా కుర్చీని అద్దం నుంచి గోడవైపు తిప్పాడు. ఏడ్చినంతసేపూ జుట్టు చివర్లు కత్తిరిస్తూనే ఉన్నాడు. షాపులో ఇంకెవరూ లేరని గమనించే స్థిమితం ఆ రోజు ఆమెకు లేదు. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయింది.

"డబ్బు తీసుకోలేదుగా? అది వ్యాపారం కాదండీ. కొట్టేయండి," అంది మేడమ్. "ఉంచితే జరిమానా వెయ్యను గానీ ఆ రోజు సాయం రాదు."

తల్లి పెన్ను పట్టుకుని ఆగింది. తండ్రి కూతురి మొహంలోకి చూశాడు. ఈ డబ్బులో పైసా వదలనని పొద్దున్నించీ ఇల్లూ ఆఫీసూ ఏకం చేసింది ఆమే కదా, తేల్చాల్సిందీ ఆమే అన్నట్టు.

సిసింద్రీ తల్లి చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టేసింది.

"ఉండనివ్వండి మేడమ్," అంది. "ఆ రోజు మా నాన్న షాపు తెరిచే ఉంది."