ఎర్ర బండి పుట్టిల్లు

"మీ కంపెనీ మాట మీద నిలబడుతుందా, నిలబడదా? అది చెప్పండి ముందు."

బొమ్మసంద్రలోని ఆ సర్వీస్ సెంటర్‌లో అంత గట్టిగా ఎవరూ మాట్లాడరు. అక్కడికి వచ్చేవన్నీ ఇటలీ స్పోర్ట్స్ కార్లు. ఇంజన్లు అరుస్తాయి గానీ ఓనర్లు అరవరు. సర్వీస్ అడ్వైజర్ హేమంత్‌కుమార్ కంప్యూటర్ మీంచి తలెత్తాడు.

ఎదురుగా ఒక అమ్మాయి. వానకు తడిసిన జుట్టు, చేతిలో కారు తాళం, కళ్ళలో కోపం. ఆమె వెనక పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకున్న పెద్దాయన. అద్దాల అవతల ఎర్రగా మెరుస్తున్న కారు.

అమ్మాయి పేరు సహన. బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెద్దాయన ఆమె తాత జయరామప్ప. హొసకోటె దగ్గర గులాబీ తోటలు ఆయనవి. బతుకంతా పూలబుట్టలు మోసిన మనిషికి ముసలితనంలో ఎర్ర కారు మీద మనసు పడింది. ఒకరు వాడినదాన్నే కొన్నాడు. తోలేది మాత్రం మనవరాలు.

"ఏడేళ్ళు సర్వీస్ ఫ్రీ అన్నారంట. ఇంకా మూడేళ్ళు మిగిలుండాది. సెకండ్ ఓనర్‌కి ఇవ్వరని అందరూ అంటాండారు. ఇవ్వకపోతే ఊరుకోను."

"ఇస్తాం మేడమ్."

కొట్లాటకు సిద్ధమై వచ్చిన సహన ఎత్తిన చేయి దించింది.

"ఇస్తారా?"

"ఆ మాట బండికి ఇచ్చింది మేడమ్, మనిషికి కాదు. ఓనర్ మారినా మాట మారదు."

"ఓహో! మనుషులకైతే మాట ఇవ్వరన్నమాట."

హేమంత్ చెవులు కారు రంగుకు తిరిగాయి.

జయరామప్పకు అనుమానం తీరలేదు. "అది కాదప్పా, ఇన్నేళ్ళు ఊరికే ఎందుకు చేస్తారు? ఈ కాలంలో ఊరికే వచ్చేది ఏముండాది?"

హేమంత్ బల్ల మీది రంగుల కాగితాన్ని పక్కకు జరిపాడు. అందులోని ఇంగ్లీషు ఈయనకు పనికిరాదు.

"పెద్దాయనా, ఆడపిల్లను అత్తారింటికి పంపినాక పుట్టింటివాళ్ళు చేతులు దులుపుకుంటారా? పిలుస్తారు, సారె పెడతారు. ఇదీ అంతే. ఈ బండి రోడ్డు మీద ఆగిపోతే నగుబాటు మాకే. మా చేతిలో ఉంటే బాగుంటుంది, అమ్మినా విలువ తగ్గదు. కొన్నవాళ్ళూ మా దగ్గరికే వస్తారు. రేపు ఇంకో బండి కొనాలన్నా మేమే గుర్తొస్తాం."

"అంటే వలే కదా?" అంది సహన.

"వల కూడా మేడమ్. కానీ సారె అబద్ధం కాదు."

జయరామప్ప పకపకా నవ్వాడు. దారిలో తిందామని తెచ్చుకున్న మూడు గిన్నెల క్యారియర్ తెచ్చి హేమంత్ చేతిలో పెట్టాడు. "ఒబ్బట్లప్పా. పుట్టింటికి ఒట్టి చేతులతో రాకూడదు."

పీజీ హాస్టల్లో నీళ్ళ సాంబారు తాగి బతుకుతున్నవాడికి ఆ ఒబ్బట్లు గొంతు దిగుతుంటే కళ్ళు చెమర్చాయి. క్యారియర్ తళతళలాడేలా తోమి, కారు సీట్లో పెట్టి పంపాడు.

ఆ సాయంత్రమే ఫోన్. "ఏమప్పా హేమంత్‌కుమార్, క్యారియర్ ఖాళీగా పంపించినారే?"

"కడిగే పంపించాను కదా మేడమ్!"

"మీ ఇంట్లో గిన్నె ఒట్టిదే వెనక్కిస్తారా? చిటికెడు చక్కెరైనా వెయ్యరా? తాత మొగం చూడాల మీరు."

"కస్టమర్ కారులో మేం ఏదీ పెట్టకూడదు. కంపెనీ రూల్."

"రూల్ కారుకి. క్యారియర్‌కి కాదు." ఫోన్ పెట్టేసింది.

తర్వాత అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. "టైర్లలో గాలి ఎంత ఉండాది అని ఎట్ల తెలుసుకునేది?"

"డాష్‌బోర్డ్ స్క్రీన్ మీదే కనిపిస్తుంది మేడమ్."

వారం తిరక్కముందే మళ్ళీ అదే ప్రశ్న. సాఫ్ట్‌వేర్ అమ్మాయికి స్క్రీన్ చూడటం రాదా అని హేమంత్ చాలా ఆలోచించాడు. అర్థమయ్యాక ఆ రాత్రి నిద్రపోలేదు.

రెండో ఏడు క్యారియర్ నిండా చిత్రాన్నం వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు మడకశిర నుంచి అమ్మ వేరుశనగపప్పు, బెల్లం దంచి పంపిన చెనిక్కాయల ఉండలు వెళ్ళాయి. రూల్ కారుకే గదా.

ఆ రోజు వాన పడుతుంటే, వైపర్లు పరీక్షించే నెపంతో హేమంత్ సహన పక్కన కూర్చుని హొసూరు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగాడు.

"మా ఊరి రోడ్డులో హంప్ వస్తే తాతను దించి, దాటించి, మళ్ళీ ఎక్కించుకుంటా. లేకపోతే బండి అడుగు నేలకి తగుల్తాది," అంది సహన.

"తాత ఏమీ అనరా?"

"నడిచినట్టూ ఉండాది, కారెక్కినట్టూ ఉండాది అంటాడు."

ఇద్దరూ నవ్వారు. వాన పెద్దదైంది. అద్దం మీద ఉండాల్సిన హేమంత్ చూపు పక్కకు జారింది. సహన చూపూ అప్పుడే ఇటు తిరిగింది. వైపర్లు బాగానే పనిచేశాయి, ఎవరూ చూడలేదు.

ఎక్కడో ఇటలీలో కూర్చుని ఈ ఏడేళ్ళ సర్వీస్ ఆలోచన చేసిన మహానుభావుడెవరోగానీ, ఆయనకు హేమంత్ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

మూడో ఏడు వచ్చింది. ఆఖరి ఫ్రీ సర్వీస్. ఇంక ఏ సాకుతో కలవాలి? రాత్రంతా మాటలు కూర్చుకున్నాడు.

సహన ఒక్కతే వచ్చింది. క్యారియర్ బల్ల మీద పెట్టి, తాళం ఇస్తూ అడిగింది. "అయితే ఇదే లాస్టా? దీని తర్వాత?"

కూర్చుకున్నవన్నీ ఎగిరిపోయాయి. "దీని తర్వాత పెయిడ్ సర్వీస్ ఉంటుంది మేడమ్."

సహన అతన్ని అలాగే చూసింది. "థ్యాంక్స్" అని వెళ్ళిపోయింది.

మర్నాడు కారు తీసుకెళ్ళడానికి సహన రాలేదు, డబ్బిచ్చి లారీ పంపింది; కారు దాని మీద హొసకోటె చేరింది. సహన సీటు చూసింది, సీటు కింద చూసింది. క్యారియర్ లేదు. ఖాళీదైనా లేదు.

"మర్చిపోయుంటాడులేమ్మా," అన్నాడు జయరామప్ప.

"మర్చిపోయింది క్యారియర్ ఒక్కటే కాదు తాతా," అని లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున గులాబీ తోట ముందు ఆటో ఆగింది. హేమంత్ దిగాడు, చేతిలో క్యారియర్. వెనకే అతని తల్లి అక్కయమ్మ.

సహన గడప మీదే చేతులు కట్టుకుని నిలబడింది. "ఏం సార్, సర్వీస్ అయిపోయింది కదా?"

"బండిది అయిపోయింది."

"మరి ఇదేంటి?"

"ఖాళీగా పంపితే తాతకు కోపం. నింపి పంపితే నేను వచ్చేదానికి దోవ ఉండదు. అందుకే ఉంచుకున్నా." ఊపిరి పీల్చుకున్నాడు. "బండికి ఇచ్చిన మాట ఏడేళ్ళే. మనిషికి ఇచ్చేదానికి గడువు లేదు. ఇవ్వమంటావా, సహనా?"

మేడమ్ అనకపోవడం అదే మొదటిసారి.

సహన కట్టుకున్న చేతులు విడిపోయాయి. "ఆ రోజే చెప్పుంటే లారీ ఖర్చు మిగిలేది కదప్పా," అంది. 

జయరామప్ప క్యారియర్ మూత తీశాడు. పై గిన్నెలో ఆకు, వక్క, పసుపు కొమ్ములు. ఆయన తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"ఆ కంపెనీవాళ్ళు ఊరికే ఎందుకు చేస్తారో ఇప్పుడు తెలిసిందప్పా. రాకపోకలు తెగకుంటే చాలు, మిగతాది దాని పాటికి అదే వస్తాది. వాళ్ళు చల్లగా ఉండాల." అక్కయమ్మ వైపు తిరిగాడు. "లోపలికి రా తల్లీ. పిల్లకు ఇష్టమైతే నాకు అంతకన్నా ఏం కావాల?"

"నా బిడ్డకు కడుపునిండా పెట్టిన ఇల్లు సామీ ఇది," అంది అక్కయమ్మ. "దండం పెట్టుకుని, పిల్లను అడుగుదామనే వచ్చినా. అడక్కముందే ఇస్తానంటే ఏం చెప్పేది?"

సాయంత్రం వెళ్ళేటప్పుడు సహన క్యారియర్ నింపి హేమంత్ చేతికిచ్చింది. తూకం తేడాగా ఉంది. చూస్తే రెండే గిన్నెలున్నాయి.

"మూడోది?"

"నా దగ్గరే ఉండాది," అంది సహన. "కావాలంటే వచ్చి అడుగు."