వెనక్కి తిరిగిన ముసుగు

ఫిబ్రవరి నెల, మంగళవారం. మధ్యాహ్నం 2:52.

ముంబై దగ్గరి భివండి. మాన్కోలిలో బట్టలు కుట్టే గోడౌన్, లోపల ఇస్త్రీ గది. ఇస్త్రీ బల్ల పక్కన శవం వెల్లకిలా పడి ఉంది. తల నుంచి మెడ దాకా నల్లటి ముసుగు. మూరెడు పొడవున్న దాని కొన నేలమీద వాలి ఉంది.

ఎస్ఐ దీపాలి కోడం ముందు ఫొటోలు తీయించింది. తర్వాత కానిస్టేబుల్ ముసుగు పైకి లాగాడు.

నలభై ఎనిమిదేళ్ల ముఖం. కళ్లు మూసి ఉన్నాయి.

పేరు బుచ్చిరాములు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు. మొదట మగ్గాల మీద, ఆరేళ్లుగా ఇక్కడ ఇస్త్రీ పనిలో.

ఫోన్‌లో సీనియర్ ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. "వెనక నుంచి ముసుగు తొడిగి ఊపిరాడకుండా చేశారు. గొడవ ఎవరితో ఉందో చూడండి."

గొడవ ఉంది. అదే పొద్దున ఎనిమిదింటికి రూమ్మేట్ యాదయ్య గేటు దగ్గర బుచ్చిరాములు కాలర్ పట్టుకున్నాడు. వాచ్‌మన్ అంకుశం కళ్లారా చూశాడు.

నాలుగు గంటలకు యాదయ్య లాకప్‌లో ఉన్నాడు.

దీపాలి భివండిలోనే తెలుగు కుటుంబంలో పుట్టింది. తండ్రి మగ్గాల చప్పుడులోనే చదువుకుంది. ఆమె సూపర్‌వైజర్ సంపత్‌ను గోడ దగ్గరికి పిలిచింది. అక్కడ ఒక ఫొటో అతికించి ఉంది. వందల మంది నల్ల ముసుగుల్లో నడుస్తున్నారు.

"ఇదేంది?"

"ఫ్రాన్స్ ఆర్డర్, మేడం. అక్కడ దక్షిణం దిక్కు పెర్పిన్యాన్ అని ఊరు. ఈస్టర్‌కు ముందల గుడ్ ఫ్రైడే నాడు ఈ ముసుగులతోని ఊరేగింపు తీస్తరు. ముందల నడిచెటాయన ఎర్రది ఏసుకొని గంట కొడ్తడు. ఎనక డోళ్లు."

"ముఖాలు ఎందుకు కప్పుకుంటరు?"

"పాతకాలంల ఉరిశిక్ష పడ్డోన్ని తోల్కపొయ్యేటప్పుడు తోడు నడిచెటోళ్లట. జనం వాన్ని గుర్తువట్టి కొట్టొద్దని అందరికీ ఒక్కతీరు ముసుగు."

తలుపు అవతల హాల్లో పసుపుపచ్చ గుడ్డ సంచులు గంటల ఆకారంలో వేలాడుతున్నాయి.

"అవి?"

"అవి పిల్లలయి. ఈస్టర్ ముందటి మూడు రోజులు అక్కడ చర్చి గంటలు మోగయి. గంటలన్నీ రోమ్‌కు పోయినయి, ఆదివారం తిరిగొస్తు తోటలల్ల చాక్లెట్ గుడ్లు ఏస్తయని పిల్లలకు చెప్తరు."

"శవాన్ని ముందు చూసింది నువ్వేనా?"

"అవును మేడం. 2:35కు. రాములన్న పడి ఉన్నడు."

"అంతకుముందు ఏడున్నవ్?"

"చాయ్‌కి పోయిన."

అంకుశం గేటు బుక్ తెరిచాడు. సంపత్ బైకు బయటికి 2:04. లోపలికి 2:27.

"చేతుల ఏమన్న తెచ్చిండా?"

"సంచి ఉండె మేడం. ఏముందో చూడలె. పాపం, రాములన్న మంచోడు."

తర్వాత కళ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కుట్టిన బట్టల మీద మిగిలిన దారాలు కత్తిరించే పని. భర్త పోయాక అన్నయ్య ఇంట్లో ఉంటోంది.

"బుచ్చిరాములు ఎన్నేండ్ల సంది తెలుసు, అక్కా?"

"ఆరేండ్లు. ఆయన ఇస్త్రీ చేస్తె నేను దారాలు తీసేది."

"లంచ్ టైంల?"

"బయట ఆడోళ్లతోని కూసున్న. ఆయన రాలె. లాట్ కతం చేసి వస్తనన్నడు."

"ఎవరితోనన్న పగ ఉండెనా?"

"ఆయనకు ఎవ్వలతోని లొల్లి లేదు."

కళ్లు పొడిగా ఉన్నాయి. కొంగు అంచును వేళ్లతో మడుస్తూ, విప్పుతూ ఉంది.

వెళ్లే ముందు దీపాలి ఇస్త్రీ బల్ల దగ్గర ఆగింది. బల్ల మీద, ఫ్యాను మీద, వైర్ల మీద నూలు ధూళి పేరుకుని ఉంది. ఐరన్ పెట్టె మీద మాత్రం ఒక్క పోగు లేదు.

బుధవారం ఉదయం 9:20. డాక్టర్ ఫోన్.

"ఊపిరాడక పోలేదు. కుడి అరచేతిలో శనగగింజంత కాలిన గుర్తు. కరెంట్ షాక్."

సీనియర్ ఒప్పుకోలేదు. "ఐరన్ బాగానే ఉంది కదా! షాక్ కూడా యాదయ్యే పెట్టి ఉంటాడు."

దీపాలి లాకప్ ముందు నిలబడింది.

"పొద్దుగాల ఎందుకు కొట్లాడినవ్, అన్నా?"

యాదయ్య తల దించుకున్నాడు.

"చెప్పకుంటే మర్డర్ కేసు నీ మీదికే వస్తది."

"రానీ మేడం. ఆ ముచ్చట మాత్రం నేను చెప్ప."

దీపాలి టేబుల్ దగ్గరికి వచ్చి ఫొటోలు మళ్లీ చూసింది. మూడో ఫొటో దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

11:00. గోడౌన్.

సంపత్, అంకుశం, కళ వరుసగా నిలబడ్డారు. కానిస్టేబుల్ పక్కన యాదయ్య.

దీపాలి ఫొటో చూపించింది. "ఈ ముసుగుకు కండ్ల రంధ్రాలు ఏవి?"

"ఇంకా కొయ్యలేదేమో," అన్నాడు సంపత్.

"ఇస్త్రీకి వచ్చే ముందే కోస్తరు గద. బల్ల మీదున్న అన్నిటికీ ఉన్నయి." ఆమె సీలు వేసిన కవరు పైకెత్తింది. లోపలి ముసుగుకు రెండు రంధ్రాలు. "దీనికీ ఉన్నయి. కాకపోతే అవి తల ఎనక దిక్కుకు పోయినయి. అందుకే ఫొటోల కనవడలె."

ఆమె కవరును బల్ల మీద పెట్టింది.

"కండ్లు మూసిండ్రు. రంధ్రాల నుంచి ముఖం కనవడొద్దని ముసుగు తిప్పి కప్పిండ్రు. పోయినోళ్ల మీద బట్ట కప్పినట్టు. ఇది చంపినోళ్ల పని కాదు. మనసున్నోళ్ల పని."

దీపాలి ఐరన్ వైపు తిరిగింది. "ఇది కొత్తది. పాతది నిన్న 2:04కు బయటికి పోయింది. దాన్ని శవం చేతిల చూసిన మనిషి ఒకరున్నరు. ఆ మనిషి నోరు విప్పకుంటే యాదయ్య బయటికి రాడు."

ఆమె కళ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. అంకుశం రాములన్న అన్నాడు. సంపత్ కూడా రాములన్న అన్నాడు. ఆరేళ్లు కలిసి పనిచేసిన కళ ఒక్కసారీ పేరు పలకలేదు. అన్న అనలేదు. ఎప్పుడు అడిగినా 'ఆయన' అంది. ఆ మాట నిన్న స్టేట్‌మెంట్ రాసుకున్న కానిస్టేబుల్ కూడా పట్టించుకోలేదు.



"నేనే," అంది కళ.

"నువ్వు ఊకో!" యాదయ్య అరిచాడు. "శిక్ష నేను వడ్త గద!"

"ఎందుకు పడాలె నువ్వు?" ఆమె దీపాలి వైపు తిరిగింది. "ఒంటిగంటన్నరకు లోపలికి పోయిన మేడం. కింద పడి ఉన్నడు. చేతిల ఐరన్. దానికి నల్ల టేపు చుట్టిన వైరు. బటన్ బందు చేసిన. ఎంత పిలిచినా పలుకలె. చెయ్యి చల్లవడుతుంటె పట్టుకొనే కూసున్న. కండ్లు తెరిచే ఉన్నయి, మూసిన. ఆ నల్లది కప్పిన."

"ఎవరినన్న పిలవకపోతివి?"

"పిలిస్తె, నువ్వేమైతవు అని అడుగుతరు. ఏం చెప్పాలె? ఊర్ల ఆయనకు భార్య ఉన్నది. మా అన్నకు తెలిస్తె ఇంట్ల ఉండనియ్యడు. బెల్ కొట్టినంక పక్క హాల్లకు వచ్చి దారాలు కత్తిరించుకుంట కూసున్న. సంపత్ వచ్చి మొత్తుకునేదాక."

"యాదయ్యతోని లొల్లి?"

"ఊర్ల భార్యకు నిజం చెప్పు, లేకుంటె కళనన్న ఇడిసిపెట్టు అని రాములుకు చెప్పిన," యాదయ్య మెల్లగా అన్నాడు. "గంతే మేడం."

సంపత్ ముందుకు వచ్చాడు.

"షాక్ కొడ్తుందని రాములన్న రెండుసార్లు చెప్పిండు. ఫ్రాన్స్ కంటెయినర్ పోయేదాక నడిపియ్యమన్న. నిన్న రాములన్నను చూసి భయమైంది. పాతది నాలాల ఏసిన."

12:40కి నాలా బురదలో ఐరన్ దొరికింది. వైరుకు నల్ల టేపు. ఎర్త్ వైరు తెగి ఉంది.

కానిస్టేబుల్ యాదయ్యను వదిలేశాడు. అతను నేరుగా కళ దగ్గరికి వెళ్లాడు.

"వదినా," అన్నాడు. "దా, బయటికి పోదాం."

ఆరేళ్లలో ఆమెను ఎవరూ ఆ వరసతో పిలవలేదు. కళ గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. నిన్నటి నుంచి ఆపుకున్నదంతా అప్పుడు బయటపడింది. ఆ ఏడుపు వినలేక అంకుశం గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

సాయంత్రం 4:30. ఆసుపత్రి మార్చురీ.

బుచ్చిరాములు భార్య ఎల్లమ్మ ఊరి నుంచి బస్సులో వచ్చింది. కాగితాల మీద వేలిముద్ర వేసింది. భర్త ముఖం చాలాసేపు చూసింది.

"కండ్లు ఎవరు మూసిండ్రు, మేడం?"

"పనికాడ ఒకామె."

ఎల్లమ్మ తల ఊపింది. బెంచీ మీద కూర్చుంది.

"ఫోన్ల ఆయన దగ్గితె, పక్కనుంచి ఒక ఆడగొంతు నీళ్లు తాగుమనేది. నాలుగేండ్ల సంది వింటున్న. నేనెన్నడు అడుగలె. అడిగితె ఫోన్ చేసుడే బందు చేస్తడేమోనని."

అంబులెన్స్ డ్రైవర్ వచ్చి బండి సిద్ధమన్నాడు. స్ట్రెచర్ ఎక్కించారు. ఎల్లమ్మ లేచి, ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"ఆమె ఏమన్న తిన్నదా, మేడం?"

దీపాలికి తెలియదు. ఆ మాట అడగాలని ఆమెకు తట్టలేదు.