పొదుగులో మిగిలిన పాలు

పొద్దున్నే పాల సేకరణ కేంద్రానికి వెళ్లిన పాలక్యాను వెళ్లినంత వేగంగానే తిరిగొచ్చింది. కొడుకు దాన్ని పశువుల కొట్టం గుమ్మంలో దబ్బున దించాడు.

"మళ్లీ వద్దన్నారు. పరీక్ష మందు కలపగానే పాలు జిగురులా సాగాయట. ఇంకోసారి ఇలా తెస్తే మన దగ్గర పాలే తీసుకోరట!"

ఇల్లు నడిచేది నాలుగు ఆవుల మీద. రెండింటికి ఇప్పటికే పొదుగువాపు వచ్చి, వాటి పాలు పారబోస్తున్నారు. ఇప్పుడు మిగతా రెండింటి పాలకూ ఇదే గతి. నిన్న వచ్చిన పశువుల డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పొదుగు శుభ్రంగా కడగాలి, పాలు పూర్తిగా పిండాలి, లోపల మిగిలితే సూక్ష్మజీవులు అక్కడే కాపురం పెడతాయి.

కడిగేది కోడలు. పితికేది అత్తగారు. ఆవిడ పీట వేసుకుంటే ఎంత పొగరుబోతు ఆవైనా కిక్కురుమనదని చుట్టుపక్కల చెప్పుకుంటారు. అందరికంటే ఎక్కువసార్లు చెప్పేది మాత్రం ఆవిడే.

"ఇన్నేళ్లూ నా చేతిలో రాని రోగం ఇప్పుడెందుకొచ్చిందిరా? కడిగేవాళ్లు తూతూమంత్రంగా కడిగితే ఇంతే!" అంది అత్తగారు.

కొడుకు భార్య వైపు తిరిగాడు. "నిజమేనా? నీకు చేతకాకపోతే చెప్పు, అది కూడా అమ్మే చూసుకుంటుంది."

కోడలికి ఒళ్లు మండిపోయింది. నిన్నటి నుంచి ఒక సంగతి ఆమెను తొలుస్తూనే ఉంది. రెండు ఆవులకూ వాపు వెనక చన్నులకే వచ్చింది. కడగడంలోనే లోపముంటే ముందు చన్నుల్ని రోగం ఎందుకు వదిలేస్తుంది?

"అత్తయ్యా, ఈ దొరసానిని పితకడం అయిందా?" అని, వాపు రాని ఎర్రావును చూపించింది.

"ఎప్పుడో అయింది. నేను లేచాక చుక్క మిగలదు."

కోడలు పీట లాక్కుని కూర్చుంది. వెనక చన్ను పట్టి పిండింది. ఖాళీ బకెట్టులో చుయ్యిమని ధార పడింది. మళ్లీ పిండితే మళ్లీ పడింది.

గెలిచానన్న సంబరంతో తలెత్తింది. అత్తగారి ముఖం చూశాక ఆ సంబరం కాస్తా చచ్చిపోయింది. ఆవిడ తన ఎడమ చేతిని కుడి చేత్తో దాచుకుని, తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా నిలబడి ఉంది. పితికేటప్పుడు ముందు చన్నులు ఆవిడ కుడి చేతివి. వెనకవి ఎడమ చేతివి.

"పిడికిలి పడట్లేదే అమ్మాయ్. పొద్దున్నే వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. చెబితే ఓ మూల కూర్చోమంటారు. కూర్చుని నేనేం చెయ్యను?"

ఆవిడ వాపొచ్చిన ఆవు దగ్గరికి వెళ్లి పొదుగు మీద చెయ్యి వేసింది. అది నొప్పికి కాలు జాడించింది.

"నోరులేనిది. నా పంతానికి ఇది నరకం పడుతోంది. పైగా నింద నీ మీద వేశాను." ఆవు వీపుకు ముఖం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇక నువ్వు విశ్రాంతి..." అనబోయిన కొడుకును కోడలు కళ్లతోనే ఆపింది. గోడకున్న ఇంకో పీట తెచ్చి, దొరసానికి అవతలి పక్కన వేసింది.

"ముందువి మీరు, వెనకవి నేను. రండత్తయ్యా."

"నీకు పితకడం వచ్చేమిటి? ఆ లాగుడేమిటి, తాడనుకున్నావా?" అంది అత్తగారు, ముక్కు తుడుచుకుంటూ.

"అయితే నేర్పండి."

ఆవిడ పీట దాకా వచ్చి ఆగింది.

"కాస్త పట్టుకో, కూర్చుంటాను" అంటూ ఎడమ చెయ్యి చాపింది.